నిలిచిన నేల ఎవరిది?

బోధన్ పేరు చెప్పగానే ఈనాటివారికి చక్కెర గుర్తుకు వస్తుంది. అంతకు ఎన్నో శతాబ్దుల ముందు నుండి ఆ ఊరిని రెండు గాథలు అంటిపెట్టుకొని ఉన్నవి.

మొదటిది మహాభారత గాథ. ఇదే ఆనాటి ఏకచక్రపురమని స్థానికుల విశ్వాసం. లక్క ఇంటి నుండి బయటపడిన పాండవులు బ్రాహ్మణ వేషంతో ఇక్కడి ఒక గృహస్థుని ఇంట తలదాచుకొన్నారు. పగలు ఇంటింటా భిక్షమెత్తేవారు. తెచ్చిన అన్నాన్ని కుంతీదేవి రెండు భాగాలు చేసి, ఒక భాగం భీమునికి పెట్టి, రెండవ భాగాన్ని తక్కిన నలుగురికీ తనకూ పంచేది. రాజులు అడుక్కొని తినవలసి వచ్చినదే అని వ్యాసుడు ఎక్కడా వాపోలేదు. ఆ ఇంటివారికి బకాసురుని వంతు వచ్చి ఏడ్పులు వినిపించిన నాడు మాత్రం కుంతి ఊరకుండలేదు. ఎవరి కప్పు క్రింద నిద్రించినామో వారి ఆపదకు అడ్డుపడకపోతే తిన్న భిక్షకు అర్థం లేదని ఆమె ఎంచినది. బండెడు అన్నంతో భీముడు బయలుదేరినాడు.

రెండవ గాథ జైనులది. ఆదితీర్థంకరుడైన ఋషభదేవుని కుమారులలో పెద్దవాడు భరతుడు చక్రవర్తి కాగోరినాడు. పోదనపురాన్ని ఏలుతున్న తమ్ముడు బాహుబలి తల వంచలేదు. ఆ పోదనపురమే నేటి బోధన్ అని పలువురు చరిత్రకారులు భావించినారు. వేములవాడ చాళుక్యుల ఆశ్రయంలో ఉండిన పంపకవి 941లో కన్నడంలో రచించిన ఆదిపురాణం ఈ అన్నదమ్ముల కథనే చెబుతుంది. సైన్యాలను బలిపెట్టుట ఎందుకని ఇద్దరే తలపడినారు. దృష్టియుద్ధంలో, జలయుద్ధంలో, మల్లయుద్ధంలో బాహుబలిదే గెలుపు. గెలిచిన క్షణంలోనే ఆయనకు రాజ్యం మీద విరక్తి పుట్టినది. గెలిచిన నేలను ఓడిన అన్నకే వదలి, కట్టుబట్టలు సైతం విడిచి, నిలుచుండి తపస్సుకు పూనుకొన్నాడు. ఏడాది గడిచినది. పాదాల చుట్టూ పుట్టలు లేచినవి. తీగలు తొడలను, భుజాలను అల్లుకొన్నవి. అయినా కేవలజ్ఞానం కలుగలేదు. జైనులలో ప్రచారంలో ఉన్న ఒక కథ ప్రకారం ఆయన మనస్సులో ఒక ముల్లు మిగిలి ఉండినది. దానిని వారు శల్యమంటారు. తాను నిలిచిన ఆ రెండడుగుల నేల భరతునిదే కదా అన్నదే ఆ ముల్లు!

ఇది అహంకారమని కొందరి వ్యాఖ్యానం. కావచ్చును. కాని అహంకారమని త్రోసిపుచ్చితే ఆ ముల్లులోని ప్రశ్న పోదు. రాజ్యాన్ని వదలవచ్చును, నేలను వదలుట ఎవరి తరం? సన్న్యాసియైనా ఎక్కడో ఒకచోట పాదం మోపవలె, ఏదో ఒకటి తినవలె, ఏ చెట్టు క్రిందనో తల వాల్చవలె. ఆ చెట్టు ఎవరిది? ఆ అన్నం ఎవరిది? ‘నాది కాదు’ అన్నంత మాత్రాన త్యాగం పూర్తి అయినట్లేనా?

ఈ ప్రశ్నను తలకెత్తుకొని, నూరేళ్ళకు పైగా వాదించి, దానికోసం ప్రాణాలు సైతం పోగొట్టుకొన్నవారు కథోలిక క్రైస్తవులలో ఉన్నారు. వారే ఫ్రాన్సిస్కన్ భిక్షుక సోదరులు. ఐరోపాలో అంతకు ముందు ఉండిన సన్న్యాసులు మఠవాసులు. గోడల నడుమ ప్రార్థన, పని చేసుకొంటూ జీవించేవారు. ఒక్కొక్క సన్న్యాసికి ఏమీ లేకున్నా మఠానికి పొలాలు, తోటలు, మరలు, పాలేర్లు ఉండేవారు. 13వ శతాబ్దిలో వెలసిన ఫ్రయర్లు వేరు. లాటిను భాషలో సోదరుడని అర్థమిచ్చే మాట నుండి ఆ పేరు వచ్చినది. వారు ఊళ్ళ నడుమనే తిరిగేవారు, బోధించేవారు, కూలి చేసేవారు, కూలి దొరకని నాడు భిక్షమెత్తేవారు. మన పరివ్రాజకులకు, మధుకర వృత్తితో బ్రతికిన దాసులకు వారిని దగ్గరి చుట్టాలుగా తలచవచ్చును. డొమినికన్లు, కార్మెలైట్లు, అగస్టీనియన్లు కూడ ఈ కోవకు చెందినవారే. అయితే ఈ ప్రశ్న విషయంలో మొండిపట్టు పట్టినవారు మాత్రం అస్సీసీ ఫ్రాన్సిస్ శిష్యులు.

ఫ్రాన్సిస్ ఇటలీలోని అస్సీసీ పట్టణంలో 12వ శతాబ్ది చివర ఒక బట్టల వర్తకుని ఇంట పుట్టినాడు. తండ్రి సొమ్మును గుడి మరమ్మతుకు ఖర్చుపెట్టినాడని తగవు వచ్చి, 1206 ప్రాంతంలో బిషప్పు ఎదుటకు పోయినది. సొమ్ము తిరిగి ఇమ్మని తీర్పు. ఆ యువకుడు సొమ్మే కాక ఒంటిమీది బట్టలను కూడ విడిచి తండ్రి ముందు పెట్టినాడు. బిషప్పు తన పైవస్త్రంతో అతనిని కప్పినాడు. ఆలోచిస్తే త్యాగం చేసిన మరుక్షణమే అతని ఒంటి మీద ఉన్నది ఇతరుల వస్త్రం. బాహుబలి ముల్లు అక్కడే మొదలైనది.

శిష్యులు చేరిన తరువాత బిషప్పు ఆయనను ఒకనాడు అడిగినాడట, కొంతైనా ఆస్తి లేకుంటే ఎట్లా బ్రతుకుతారని. ఆస్తి ఉంటే దానిని కాపాడుకొనుటకు ఆయుధాలు కావలె, వ్యాజ్యాలు వస్తవి, వాటితో దేవుని ప్రేమకు, పొరుగువాని ప్రేమకు అడ్డు వస్తుందని ఫ్రాన్సిస్ భావం. గట్టు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగిన రైతు ఎవరైనా ఈ మాటకు తల ఊపుతాడు. 1223లో పోపు హొనోరియస్ ఆమోదించిన నియమావళిలో సోదరులు ఇల్లు గాని, స్థలం గాని, మరే వస్తువు గాని తమదిగా చేసుకొనరాదని, నాణెం ముట్టరాదని స్పష్టంగా ఉన్నది.

కౌపీనం కథ తెలియని తెలుగువాడు ఉండడు. కౌపీనాన్ని ఎలుక కొరుకుతున్నదని సన్న్యాసి పిల్లిని పెంచుట, పిల్లికి పాలకోసం ఆవు, ఆవుకు మేతకోసం పొలం, పొలం చూచుకొనుటకు ఇల్లాలు. అస్సీసీలోనూ ఇటువంటి కథ ఉన్నది. అక్కడ కౌపీనానికి బదులు పుస్తకం. ఒక క్రొత్త శిష్యుడు కీర్తనల గ్రంథం ఒకటి తన వద్ద ఉంచుకొంటానని పదే పదే వేడినాడు. ఫ్రాన్సిస్ హెచ్చరించినాడు. ఇది దొరికితే రేపు పెద్ద ప్రార్థన గ్రంథం కావాలంటావు, అదీ దొరికితే పీఠం మీద కూర్చొని ‘నా పుస్తకం పట్టుకొని రా’ అని తోటి సోదరునికే ఆజ్ఞ వేస్తావని. మన కథలో సన్న్యాసి సంసారిగా మారినాడు. ఫ్రాన్సిస్ భయం మరొకటి. సన్న్యాసి సన్న్యాసిగానే ఉంటూ ప్రభువుగా మారుతాడేమో అని. ఈ రెండవది మరింత సూక్ష్మమైన పతనం. మొదటి దానిని ఊరంతా చూచి నవ్వుతుంది. రెండవ దానికి ఊరంతా నమస్కరిస్తుంది.

బొలోన్యా నగరంలో ఒక ఇంటిని జనులు ‘సోదరుల ఇల్లు’ అని పిలుస్తున్నట్లు ఒకమారు ఆయన చెవిని పడినది. వెంటనే అందరినీ వెడలిపొమ్మన్నాడు, జబ్బుపడినవారిని సైతం ఉండనీయలేదు. సోదరుల శ్రేయోభిలాషియైన కార్డినల్ హుగోలినో ‘ఆ ఇల్లు నాది’ అని బహిరంగంగా ప్రకటించిన మీదటనే వారు తిరిగి అడుగుపెట్టినారు. అస్సీసీలో ఊరివారు సోదరుల కోసం ఒక కట్టడం లేపితే, ఫ్రాన్సిస్ ఇంటికప్పు ఎక్కి పెంకులు పీకి క్రిందకు విసరసాగినాడు. ఇది మా పట్టణపు కట్టడం, మీది కాదని పురజనులు అడ్డుపడినారు. మీదైతే నేను ముట్టనని ఆయన దిగివచ్చినాడు. రోగులను వెడలగొట్టుట ఎంతవరకు ధర్మమన్నది వేరే మాట. ఆయన జీవితంలో మనసుకు ఎక్కని ఘట్టాలలో అది ఒకటి.

ఆయనకు అన్నిటికన్న ప్రియమైన స్థలం అస్సీసీ దిగువ మైదానంలోని పోర్సియుంకులా. ఆ మాటకు చిన్న చెక్క నేల అని అర్థం. పాడుబడిన ఆ చిన్న గుడి సుబాసియో కొండ మీది బెనెడిక్టీను మఠంవారిది. వారు దానిని సోదరులకు ఉచితంగా ఇచ్చినారు. ఫ్రాన్సిస్ ఉచితంగా పుచ్చుకొనలేదు. ఏటేటా ఒక బుట్ట చిన్న చేపలు శిస్తుగా పంపుటకు ఏర్పాటు చేసినాడు. శాకాహారులైన పాఠకులు మన్నింతురు గాక. ఆ నాటి పేదల వంటకం అది. ఇక్కడ శిస్తు విలువ ఏమాత్రం? ఎవరూ అడుగలేదు, బాకీ కాదు. కాని బుట్ట వెళ్ళిన ప్రతి ఏడూ ఈ గుడి మాది కాదన్న సంగతి సోదరులకు గుర్తు వచ్చేది. బాహుబలిని బాధించిన ముల్లును ఫ్రాన్సిస్ పెరికివేయుటకు ప్రయత్నించలేదు. ఏటేటా తానే తాకి చూచుకొన్నాడు.

1226లో ఆయన మరణించినాడు. శిష్యులు వేల సంఖ్యకు పెరిగినారు. విద్యాలయాలు, గ్రంథాలయాలు, దేవాలయాలు అవసరమైనవి. బొలోన్యా ఇంటిని ‘నాది’ అన్న హుగోలినోయే 1227లో తొమ్మిదవ గ్రెగొరీ పోపు అయినాడు. నాడు ఒక్క ఇంటికి చెప్పిన ఉపాయం తరువాత సభ మొత్తానికి చట్టమైనది. 1245లో నాలుగవ ఇన్నొసెంటు పోపు సోదరులు వాడే స్థిరచరాస్తుల స్వామ్యం రోము పీఠానిదని శాసించినాడు. 1279లో మూడవ నికొలాసు దానిని మరింత బిగించి, సోదరులకు హక్కు ఏదీ లేదు, ఉన్నదల్లా వాడుక మాత్రమేనని వివరించినాడు. సోదరుడు తినే అన్నం సైతం పోపుదే. సోదరుడు వట్టిగా తింటాడు, అంతే.

దేవాలయ వ్యవహారం తెలిసిన పాఠకులకు ఇది విచిత్రంగా తోచదు. మాన్యం భూముల పట్టా స్వామి పేర ఉంటుంది. దున్నేవాడు కౌలుదారు, నైవేద్యం పెట్టేవాడు అర్చకుడు, లెక్క చూచేవాడు ధర్మకర్త. 1925లో కలకత్తాలోని ఒక కుటుంబ దేవతకు సంబంధించిన వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ విగ్రహానికి న్యాయశాస్త్ర రీత్యా వ్యక్తిత్వం ఉన్నదని, ఆ దేవతను కేవలం సొత్తుగా ఎంచి చేతులు మార్చరాదని స్పష్టం చేసినది. స్వామి యజమాని, తక్కినవారందరూ ఆయన ఇంట ఉన్నవారు. ఎంత అందమైన భావన! మరి ఎన్ని మాన్యాలు స్వామి పేరనే ఉండి స్వామికి గింజ రాకుండ పోయినవి? యజమాని మాట్లాడడు గనుక ఆయన పేరు ఎవరికైనా పనికి వస్తుంది. పట్టాలో పేరు తొలగించుకొన్నవాడు త్యాగి అయినాడా, లేక పన్ను లేని అనుభవదారు అయినాడా అన్నది పట్టాను చూచి చెప్పలేము.

ఇరువది రెండవ జాన్ పోపు సరిగా ఈ సంగతినే పట్టుకొన్నాడు. న్యాయశాస్త్ర కోవిదుడు, పట్టుదల కలవాడు. 1322లో ఆయన ఆ సొత్తులో చాలభాగపు స్వామ్యాన్ని రోము పీఠం ఇక వహించదని ప్రకటించినాడు. ఆయన వాదం సులభంగా త్రోసివేయదగినది కాదు. పొలాన్ని ఒకరి స్వామ్యంలో ఉంచి మరొకరు వాడుకొనవచ్చును. రొట్టెను, గుడ్డును అట్లా వాడుకొనుట ఎట్లా? తిన్న తరువాత యజమానికి మిగిలేది ఏమి? వాడుకలోనే నశించే వస్తువులో వాడుక వేరు, స్వామ్యం వేరు అనుట మాటల గారడీ. పైగా ఈ ఏర్పాటు వలన సోదరులకు ఆస్తి మీది తాపత్రయం తగ్గలేదు, తమకంటె నిరుపేదలు లేరన్న గర్వం మాత్రం పెరిగినదని ఆయన ఆక్షేపణ.

ఇంతవరకు పోపు మాటలో సత్యం ఉన్నది. కాని చేత సంగతి వేరు. దక్షిణ ఫ్రాన్సులో కొందరు సోదరులు పొట్టి, అతుకుల అంగీలే తొడుగుతామని, ధాన్యపు కొట్లు, ద్రాక్షసారపు నిల్వలు పెట్టుకొనుట నియమభంగమని పట్టుపట్టినారు. ఈ విషయాలు పెద్దల నిర్ణయానికి వదలి విధేయులు కావలెనని పోపు 1317లో ఆజ్ఞాపించినాడు. లొంగని నలుగురిని 1318 మే 7న మార్సెయిల్లో సజీవంగా దహనం చేసినారు. క్రీస్తుకు, ఆయన శిష్యులకు ఏ ఆస్తీ లేదని పట్టుబట్టి వాదించుట మతద్రోహమని 1323లో ప్రకటన వెలువడినది. సభాధిపతియైన చెసేనా మైకేలు, ఓకమ్ విలియమ్ అనే తార్కిక పండితుడు 1328లో రాత్రికి రాత్రి అవిన్యోన్ విడిచి పారిపోయినారు. ఏమీ వద్దన్నవారిని ఏమీ వద్దన్నందుకే చంపుట లోకంలో తరచు జరిగే పని కాదు.

ఆ నలుగురి మొండితనంలో ఒక వివేకం ఉన్నది. వారు పట్టాను గురించి వాదించలేదు, కొట్టును గురించి వాదించినారు. కొట్టు ఎవరి పేరనైనా ఉండనీ, అది నిండి ఉన్నంత కాలం రేపటి చింత లేదు. రేపటి చింత లేనివాడు రేపు వాకిట నిలిచి చేయి చాపడు. చేయి చాపనివాడికి ఇంటివారి కష్టం తెలియదు. ఏకచక్రపురంలో పాండవులకు ధాన్యపు కొట్టు ఉండి ఉంటే ఆ గృహస్థుని ఇంటి ఏడ్పు కుంతి చెవిని పడి ఉండేదా? స్వామ్యాన్ని వదలుట ఒక కాగితంతో అయ్యే పని. భద్రతను వదలుట ప్రతి ఉదయం మళ్ళీ చేయవలసిన పని.

ఇదే పట్టు స్త్రీలలో క్లారా అనే తపస్విని పట్టినది. ఫ్రాన్సిస్ మార్గాన్ని అనుసరించిన ఆమె, తన కన్యామఠానికి ఆస్తి లేకుండా ఉండే హక్కును పోపులను అడిగి సాధించుకొన్నది. రాజులు, మఠాధిపతులు భూములకోసం సనదులు పుచ్చుకొనే కాలంలో భూమి వద్దని సనదు పుచ్చుకొన్న స్త్రీ! గ్రెగొరీ పోపు ఆస్తులు ఇస్తానన్నా, వ్రతబంధం నుండి విడిపిస్తానన్నా, తన పాపాల నుండి విడిపిస్తే చాలునని, క్రీస్తును అనుసరించుట నుండి కాదని ఆమె బదులిచ్చినట్లు చెబుతారు. ఆమె వ్రాసుకొన్న నియమావళికి 1253 ఆగస్టు 9న ఆమోదం లభించినది. రెండు నాళ్ళకు ఆమె కన్ను మూసినది.

తరువాతి శతాబ్దులలో సభలో చీలికలు, సంస్కరణలు ఎన్నో. 1528లో మొదలైన కపుచిన్ శాఖ వాటిలో ఒకటి. మొనదేలిన తలముసుగు, గడ్డం, పాదాలకు చెప్పులు మాత్రమే. ఆ శాఖకు చెందిన ఒక సోదరునికి తెలుగు నేలతో సంబంధం ఉన్నది. ఫ్రెంచి దేశస్థుడైన నెవేర్ ఎఫ్రేం పెగూ దేశానికి పోవలెనని సూరతులో దిగి, భూమార్గాన గోల్కొండకు వచ్చినాడు. ఆ కాలంలో సూరతు నుండి గోల్కొండకు పోయే బాటసారులు నాందేడు దాటి మన ఇందూరు సీమలోని ఇందల్వాయి మీదుగా సాగేవారు. 17వ శతాబ్ది ఐరోపా యాత్రికులు అక్కడ తయారయ్యే కత్తులను, బాకులను ప్రస్తావించినారు. గోల్కొండలో సుల్తాను బంధువైన ఒక ప్రభువుకు గణితమంటే ఇష్టం, ఎఫ్రేముకు గణితం బాగుగా వచ్చును. ఇల్లు, గుడి కట్టిస్తాను ఉండిపొమ్మని ఆ ప్రభువు కోరినా, ఎఫ్రేం ఒప్పుకొనక మచిలీపట్నం దారి పట్టినాడని టావెర్నియే అనే రత్నాల వర్తకుడు తన యాత్రాగ్రంథంలో వ్రాసినాడు. పెగూకు ఓడ దొరకలేదు. 1642లో మద్రాసు చేరిన ఆ సోదరుడు అక్కడివారి కోరికపై నిలిచి, అర్ధశతాబ్దికి పైగా సేవచేసినాడు.

గోల్కొండలో ఇల్లు వద్దన్నవానికి మద్రాసు కోటలో నిలువ నీడ దొరికినది, కాని అది ఆంగ్ల వర్తక సంఘం దయ. 1749లో ఫ్రెంచివారి నుండి మద్రాసు తిరిగి తమ చేతికి వచ్చిన తరువాత ఆంగ్లేయులు కోటలోని కపుచిన్ల గుడిని స్వాధీనం చేసుకొన్నారు, పిమ్మట అది నేలమట్టమైనది. నేల ఎవరిదో ఆనాడు తెలిసినది.

ఇందూరు సీమలోని కథోలిక సంఘాన్ని 19వ శతాబ్ది ద్వితీయార్ధం నుండి నడిపినవారు భిక్షుక సోదరులు కారు, మిలాన్ నుండి వచ్చిన మిషనరీ గురువులు. కనుక ఈ వ్రతం ఇక్కడ ఊరి అనుభవంలోనికి రాలేదు. కాని వ్రతం లేకుండానే సొంత నేల లేని బ్రతుకు ఈ సీమకు బాగుగా తెలిసినది. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయి, 1937లో బోధన్ శివారు శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. కార్మికులకు కర్మాగారమే క్వార్టర్లు ఇచ్చినది. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడి నుండే పెండ్లిపల్లకి ఎక్కినారు. ఇల్లు తమది కాదన్న మాట జ్ఞాపకం వచ్చే అవసరమే లేకపోయినది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి పని ఆపివేసినారు. ఏళ్ళు గడిచినా గానుగ తిరుగలేదు. అట్టి ఇంటి గడపలో నిలిచి అపరిగ్రహం గొప్పదని ఉపన్యసించుట ఎవరికి తగును?

త్యాగాన్ని పొగడే వ్యాసాలు సాధారణంగా ఈ ప్రశ్నను దాటవేస్తవి. వదలుకొన్నవానికి, పోగొట్టుకొన్నవానికి నడుమ ఆకాశానికి భూమికి ఉన్నంత దూరం ఉన్నది. బాహుబలి గెలిచి వదలినాడు. ఫ్రాన్సిస్ బట్టల కొట్టు ఉండి వదలినాడు. వదలుటకు ముందు చేతిలో ఏదో ఒకటి ఉండవలె. పేదవానికి ఆ స్వేచ్ఛ కూడ లేదు. ఫ్రాన్సిస్ దీనిని గుర్తించినట్లే తోస్తుంది. మరణానికి ముందు వ్రాయించిన మరణశాసనంలో తన పరివర్తనకు ఆరంభంగా ఆయన చెప్పుకొన్నది బిషప్పు ఎదుట చేసిన త్యాగాన్ని కాదు, కుష్ఠురోగుల మధ్యకు వెళ్ళుటను. అంతకు ముందు వారిని చూచుటయే ఆయనకు చేదుగా ఉండేది. ఊరు వెడలగొట్టినవారు, నిలువ నేల లేనివారు. వారి పక్కన నిలిచిన తరువాతనే ఆయన తన నేలను వదలినాడు. ఈ వరుస ముఖ్యమైనది. నేల లేనివాని పక్కన చోటు వెదకుకొంటూ తన చోటును వదలుట ఒకటి; తన ముక్తికై చోటును వదలి, తరువాత నేల లేనివానికి దానిని ఆదర్శంగా చూపుట మరొకటి. మొదటిది స్నేహం. రెండవది, ఎంత పవిత్రమైనదైనా, బోధ.

నిజామాబాదుకు దగ్గరలోని డిచ్‌పల్లిలో 1915లో ఒక కుష్ఠు వైద్యాలయం ఏర్పడినది. స్థాపించినవారు స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్. వారు ప్రొటెస్టంటు మిషనరీలు, సంసారులు, ఏ భిక్షుక వ్రతమూ లేనివారు. దానికి ధనమిచ్చి ఆదుకొన్నవాడు నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ అనే హిందువు. ఊళ్ళ నుండి వెలివేయబడినవారికి అక్కడ మంచం, చాల్మోగ్రా నూనెతో చికిత్స, అన్నిటికంటె ముందు పొమ్మని అనని ఒక చోటు దొరికినది. ఆ నేల ఎవరి పేర ఉన్నదని అక్కడ చేరిన రోగి అడిగి ఉండడు. ఆస్తి వద్దన్న సాధువుల చరిత్రలో ఆస్తి ఇచ్చిన ఒక గృహస్థునికి చోటు ఉండవలసినదే. ఫ్రాన్సిస్‌కు చేపల బుట్ట పంపే స్వేచ్ఛ కలిగినది, ఎవరో ఒకరు తమ గుడిని ఇచ్చినందువలననే కదా.

బాహుబలి ముల్లు ఎట్లా తీరినదో కథ చెబుతుంది. భరతుడే వచ్చి తమ్ముని పాదాలకు మ్రొక్కినాడు. చక్రవర్తి తన నేల మీదనే సాగిలపడిన తరువాత ఆ నేల ఎవరిదన్న తలపు తమ్ముని మనస్సును విడిచినది. కాని లోకం ఆయనను రెండడుగుల మీద వదలిపెట్టలేదు. పోదనపురంలో భరతుడు ఎత్తించిన బాహుబలి విగ్రహం ఉన్నదని విని, దానిని దర్శింపగోరిన తల్లికోసం చావుండరాయడు శ్రావణబెళగొళలో 981 ప్రాంతంలో సుమారు 57 అడుగుల శిలామూర్తిని నిలిపినాడని ఐతిహ్యం. రాతిలోనూ ఆ తీగలు తొడలను అల్లుకొనే ఉన్నవి. పోర్సియుంకులా గతి అంతకన్న వింత. సుమారు 4 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల పొడవు గల ఆ గుడిని మధ్యలో ఉంచి, దాని మీదుగా 1569లో ఒక మహాదేవాలయం కట్టుట మొదలుపెట్టి 1679లో ముగించినారు. యాత్రికులు పెద్ద ద్వారం గుండా లోపలికి పోయి, అక్కడ మళ్ళీ తల వంచి చిన్న ద్వారం గుండా పోవలె.

చేపల బుట్ట సంగతిలో ఒక చిన్న విశేషం మిగిలి ఉన్నది. బుట్ట ఏటేటా కొండ మీది మఠానికి చేరేది. మఠవాసులు దానిని పుచ్చుకొని, ఊరకే ఉండలేక, బదులుగా ఒక జాడీ నిండా నూనె పోసి సోదరులకు పంపేవారు.